పాపను ప్లేస్కూల్‌కి పంపాలా, ఇంకో ఏడాది ఆగాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో పన్నెండేళ్లు నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలకు టీచర్‌గా పనిచేసి మానేశాను. నేను బడి మానేసినా ప్రశ్నలు నన్ను మానలేదు. ఒంటిపూట బడులు మొదలవగానే చుట్టాల నుంచి, అపార్టుమెంటు వాళ్ల నుంచి ఫోన్లు వస్తాయి. పెళ్లిలో బంతిలో కూర్చున్నా పక్కావిడ అడిగేది ఇదే. ప్రతి ఏడూ అవే సందేహాలు కాబట్టి ఒకచోట రాసిపెట్టాను. మొత్తం చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## పంపాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

మా బాబుకి రెండున్నరేళ్లు. ఇప్పుడు పంపకపోతే వెనకబడిపోతాడా?

వెనకబడడు. ఆ వయసులో కావలసింది వాడితో మాట్లాడే మనిషి, పరిగెత్తడానికి కాస్త చోటు, కంటినిండా నిద్ర. ఇవి ఇంట్లో దొరుకుతుంటే బడి కొత్తగా ఇచ్చేది పెద్దగా లేదు. 2020 జాతీయ విద్యా విధానం కూడా లెక్కను మూడేళ్ల నుంచే మొదలుపెట్టింది. మూడు నుంచి ఆరు వరకు బడికి ముందు దశ, ఆరు నిండాక ఒకటో తరగతి. ప్రీ నర్సరీ, టాడ్లర్ గ్రూప్ లాంటివి బడులు పెట్టుకున్న పేర్లు.

నర్సరీ తప్పనిసరా? ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు యూకేజీ కాగితాలు అడుగుతారంట కదా?

2009 విద్యాహక్కు చట్టం చెప్పే నిర్బంధ విద్య 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకే. అంతకుముందు పంపడం, పంపకపోవడం మీ ఇష్టం. సర్కారు బడిలో ఒకటో తరగతికి యూకేజీ కాగితాలతో పనిలేదు. కొన్ని ప్రైవేటు బడులు మాత్రం నర్సరీలోనే సీట్లు నింపేసి "తర్వాత ఖాళీలుండవు" అంటాయి. అది వాళ్ల వ్యాపారం. ఫలానా బడే కావాలని గట్టిగా అనుకుంటే ఒకటో తరగతిలో ఎంతమందిని కొత్తగా తీసుకుంటారో ముందే అడగండి. ఈ వారం కట్టకపోతే సీటు పోతుందన్న మాటకు మాత్రం భయపడకండి. ఆ మాట నేనూ కౌంటర్లో కూర్చుని చాలామందికి చెప్పినదాన్నే.

ప్రీస్కూల్‌కి వెళ్లిన పిల్లలు పెద్దయ్యాక బాగుపడతారని పరిశోధనల్లో తేలిందంట. నిజమేనా?

నిజమే, కానీ ఎలాంటి పిల్లలు, ఎలాంటి బడి అన్నది ఎవరూ చెప్పరు. ఎక్కువగా ఉదహరించేది అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటి ఊళ్లో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ అధ్యయనం. చాలా పేద కుటుంబాల నల్లజాతి పిల్లలు 123 మందిని తీసుకుని, 58 మందికి ప్రీస్కూల్ పెట్టారు, మిగతావాళ్లకు పెట్టలేదు. 40 ఏళ్లు వచ్చేదాకా వాళ్లను గమనిస్తే, ప్రీస్కూల్‌కి వెళ్లినవాళ్లకు సంపాదన మెరుగ్గా ఉంది, పోలీసు కేసులు తక్కువ. అయితే ఆ బడి రోజుకు రెండున్నర గంటలే. టీచర్లు బాగా శిక్షణ పొందినవాళ్లు, ఒక్కొక్కరి దగ్గర కొద్దిమంది పిల్లలే ఉండేవాళ్లు. వారానికోసారి టీచర్ ఇంటికే వెళ్లి తల్లితో కూర్చునేది. మన దగ్గర ఏ బడి టీచర్‌కి అంత తీరిక ఉంది?

దీనికి ఎదురుగా టెనెసీ రాష్ట్రంలోని సర్కారు ప్రీస్కూళ్ల మీద చేసిన అధ్యయనం ఉంది. సీట్లు తక్కువై లాటరీ తీశారు. దాంతో సీటు దొరికిన పిల్లలను, దొరకని పిల్లలను పోల్చి చూసే వీలు కలిగింది. 2022లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఆరో తరగతికి వచ్చేసరికి సీటు దొరికినవాళ్లే చదువులో కాస్త వెనకబడ్డారు, క్రమశిక్షణ గొడవలు కూడా వాళ్లలోనే ఎక్కువ. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమయ్యేది ఒకటే. ప్రీస్కూల్ అన్న పేరులో మహిమ ఏమీ లేదు. మీ ఇంట్లో ఆ మూడు నాలుగు గంటలు ఎలా గడుస్తున్నాయి, ఆ గదిలో ఎలా గడుస్తాయి, ఈ రెండింటినీ పోల్చుకోవాలి.

అత్తమ్మ, మామయ్య "మేం చూసుకోలేమా" అంటున్నారు. నాకేమో పంపాలని ఉంది. ఎవరి మాట వినాలి?

ఒక మామూలు రోజు ఇంట్లో ఏం జరుగుతోందో చూడండి. తాత వెంట కూరగాయలకు వెళ్లడం, నాయనమ్మ దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరడం, పిండిముద్దతో ఆడుకోవడం, మధ్యాహ్నం కథ వింటూ నిద్రపోవడం. పాపకు రోజు ఇలా గడుస్తుంటే మీ అత్తమ్మ మాటే సరైనది, నాలుగేళ్ల దాకా నిశ్చింతగా ఆగొచ్చు. అదే, ఆవిడకు మోకాళ్ల నొప్పులు, మామయ్యకు షుగరు, పాప వెంట పరిగెత్తలేక టీవీ పెట్టి కూర్చోబెడుతున్నారంటే పంపడమే మేలు.

ఈ మాట వాళ్లతో అనడం కష్టం. "మీకు చేతకావట్లేదు" అన్నట్టు వినిపిస్తుంది. నేను చూసినంతలో పనిచేసేది ఏమిటంటే, "పొద్దున మూడు గంటలు బడికి పంపుదాం అత్తమ్మా, మధ్యాహ్నం నుంచి నీ దగ్గరే" అని పంచుకోవడం. మొదటి రోజు బడి చూడటానికి ఆవిడనే తీసుకెళ్లండి. బాత్రూమ్ కంపు కొడుతోందని మనకంటే ముందు కనిపెట్టేది వాళ్లే.

ఫ్లాట్‌లో ఉంటాం, ఒక్కతే పాప. పొద్దంతా ఫోన్ చేతిలోనే ఉంటోంది.

మూడేళ్లు నిండుతుంటే పంపండి. మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజులో కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలేలా ఆడాలని, స్క్రీన్ గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మూడో అంతస్తు ఫ్లాట్‌లో తల్లి ఒక్కతే ఇవన్నీ జరిపించడం అయ్యే పని కాదు. ఈ కారణంతో పంపుతుంటే మట్టి, ఇసుక, ఊయల ఉన్న బడి చూడండి. అక్కడ కూడా టీవీ ముందే కూర్చోబెడితే పంపి ఏం లాభం?

నేను డ్యూటీకి పోవాలి కాబట్టి పంపుతున్నాను. తప్పు చేస్తున్నానేమో అనిపిస్తోంది.

తప్పేం లేదు. ఇంటికి జీతం కావాలి, మీకు ఉద్యోగం కావాలి, అది చాలినంత కారణమే. గోదావరిఖనిలో భర్త షిఫ్టు వారం వారం మారుతుంటే పిల్లను చూసుకునే గంటలు దొరకడమే కష్టం. అయితే మీకు కావలసింది పిల్లను చూసుకునే చోటు, చదువు చెప్పే చోటు కాదు. రెండూ ఒకటి కావు. 12 గంటలకు వదిలేసే ప్లేస్కూల్‌లో చేర్చి, మిగతా సగం రోజు ఎవరికి అప్పజెప్పాలా అని తిప్పలు పడేవాళ్లను చాలామందిని చూశాను. 50 మంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేసే సంస్థ క్రెష్ (పిల్లలను చూసుకునే చోటు) పెట్టాలని చట్టం చెప్తోంది. మీ ఆఫీసులో ఒకసారి అడగండి. లేదంటే రోజంతా ఉంచుకునే డే కేర్ చూడండి. అక్కడ అక్షరాల కంటే అన్నం, నిద్ర, శుభ్రం గురించి అడగండి.

మూడేళ్లు వస్తున్నా మాటలు సరిగా రావట్లేదు. బడికి పంపితే అవే వస్తాయని అందరూ అంటున్నారు.

ఈ ఒక్క విషయంలో మాత్రం అందరి మాటా వినకండి. ముందు చెవి పరీక్ష చేయించండి, బడి సంగతి ఆ తర్వాత. రెండేళ్లకు "అమ్మా దా", "పాలు కావాలి" లాంటి రెండేసి మాటలు కలపాలి. మూడేళ్లకు చిన్న వాక్యాలు రావాలి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, కావలసింది వేలితో చూపించకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఒక్క నెల కూడా ఆగొద్దు. వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి అనుకుంటూ కూర్చుంటే విలువైన కాలం పోతుంది.

పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను ఉచితంగా పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. అంగన్‌వాడీ టీచర్‌నో, ఆశా కార్యకర్తనో అడిగితే దారి చెప్తారు. వరంగల్ వాళ్లైతే ఎంజీఎం సర్కారు దవాఖానలో పిల్లల విభాగానికి నేరుగా వెళ్లొచ్చు. పరీక్ష అయ్యాక, నలుగురు పిల్లల మధ్య ఉంటే మంచిదని డాక్టర్ చెప్తే అప్పుడు పంపండి. ఇద్దరు పిల్లల విషయంలో నేనే "వస్తాయిలెండి" అని తల్లులకు ధైర్యం చెప్పాను. ఒకడికి చెవి వినపడటం లేదని ఏడాది తర్వాత తెలిసింది. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పాప 2023 అక్టోబర్‌లో పుట్టింది. 2026 జూన్‌లో నర్సరీలో వేయాలా, 2027లోనా?

2026లో వేస్తే అప్పటికి రెండేళ్ల ఎనిమిది నెలలు. 2029 జూన్‌లో ఒకటో తరగతికి వచ్చేసరికి అయిదేళ్ల ఎనిమిది నెలలే ఉంటుంది. 2027లో వేస్తే ఆరేళ్ల ఎనిమిది నెలలు. కేంద్రీయ విద్యాలయాల్లో 2022-23 నుంచి ఒకటో తరగతికి మార్చి 31 నాటికి ఆరేళ్లు నిండి ఉండాలి. అటు వెళ్లే ఆలోచన ఉంటే 2027 లెక్కే కుదురుతుంది. నన్నడిగితే ఎటువైపు వెళ్లినా ఆగమనే అంటాను. క్లాసులో అందరికంటే చిన్నదాన్ని టీచర్లు మొద్దు అనుకుంటారు, నిజానికి అది పది నెలలు చిన్నది, అంతే.

బాసరలో అక్షరాభ్యాసం అయ్యాకే పంపాలా?

అది మీ నమ్మకం, మీ వీలు. వసంత పంచమి నాడే చేయించాలనుకుంటే జనం విపరీతంగా ఉంటారు, పిల్లలు లైన్లోనే అలిసిపోతారు. మామూలు రోజుల్లోనూ చేయిస్తారు. అక్షరాభ్యాసం అయింది కదా అని మర్నాటి నుంచే పలకా బలపం పట్టించకండి. మా చిన్నోడైతే బలపం కొరికి తినేశాడు.

## బడి వెతికేటప్పుడు

అంగన్‌వాడీకి పంపితే సరిపోతుందా?

చాలా ఊళ్లలో సరిపోతుంది. కొన్నిచోట్ల గల్లీలో ఉన్న ప్రైవేటు బడి కంటే నయం కూడా. 1975 అక్టోబర్ 2న మొదలైన ఐసీడీఎస్ పథకం కింద నడిచే కేంద్రాలు ఇవి. మన రాష్ట్రంలో 35 వేలకు పైగా ఉన్నాయి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలు, వేడి అన్నం, గుడ్డు ఉంటాయి. ఎత్తు, బరువు చూసి రాస్తారు. మూడేళ్ల లోపు వాళ్లకు బాలామృతం ఇంటికి ఇస్తారు. ఫీజు లేదు, ఇంటికి దగ్గర, ఆటో ఎక్కించే పనిలేదు.

లోటు ఏమిటంటే అంతా ఆ టీచర్ మీదే ఆధారపడి ఉంటుంది. సర్వేలు, రిజిస్టర్లు, మీటింగులు అన్నీ ఆమెకే. పిల్లలతో కూర్చునే టైము ఎంత మిగులుతుందో రెండు రోజులు వెళ్లి చూస్తే తెలిసిపోతుంది. 2025-26 నుంచి కొన్ని సర్కారు ప్రాథమిక బడుల్లో ప్రీ ప్రైమరీ తరగతులు కూడా పెట్టారు. మీ ఊరి బడిలో ఉందేమో బడిబాట అప్పుడు హెడ్‌మాస్టర్‌ని అడగండి.

బోర్డు మీద మాంటిస్సోరి అని ఉంది. ఫీజు డబుల్. అంత తేడా ఉంటుందా?

మాంటిస్సోరి పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, దాని మీద ఎవరికీ హక్కు లేదు. నిజంగా ఆ పద్ధతి నడిస్తే మూడు నుంచి ఆరేళ్ల పిల్లలంతా ఒకే గదిలో కలిసి ఉంటారు. ఎవరి చాప మీద వాళ్లు తమకు నచ్చిన వస్తువుతో పనిచేసుకుంటుంటారు, టీచర్ గొంతు పెద్దగా వినిపించదు. వరసగా బెంచీలు, గోడ మీద కార్టూన్లు, అందరూ ఒక్కసారిగా "ఏ ఫర్ యాపిల్" అంటుంటే అది మామూలు నర్సరీయే. డబుల్ ఫీజు దేనికో వాళ్లనే చెప్పమనండి.

బడి చూడటానికి వెళ్తే ఏం చూడాలి?

చెప్పకుండా పొద్దున 11 ప్రాంతంలో వెళ్లండి. అప్పటికి పిల్లలకు ఆకలి, టీచర్లకు విసుగు మొదలవుతాయి, అసలు రంగు బయటపడేది అప్పుడే. ముందు బాత్రూమ్ చూడండి. నీళ్లు వస్తున్నాయా, పిల్లల ఎత్తుకు సరిపోతుందా, లోపలికి వాళ్లతో ఎవరు వెళ్తారు. ఏడుస్తున్న పిల్లాడు ఒక్కడైనా కనపడతాడు, వాడి దగ్గరికి ఎవరైనా వచ్చారా గమనించండి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు 20 మందికి ఒక పెద్ద మనిషి, మూడేళ్ల లోపైతే 10 మందికి ఒకరు ఉండాలని చిన్నపిల్లల సంరక్షణ, విద్య మీద 2013లో వచ్చిన జాతీయ విధానం చెప్తోంది. తలలు మీరే లెక్కపెట్టండి.

టీచర్ ఎన్నాళ్ల నుంచి పనిచేస్తోందో అడగండి. ఆర్నెల్లకొకరు మారే బడి వద్దు. ఆ జీతాలకు ఎవరూ నిలవరు, మన పిల్లలు మళ్లీ మళ్లీ కొత్త మొహానికి అలవాటు పడాలి. గేటు దగ్గర ఎవరొచ్చి అడిగినా పిల్లను ఇచ్చేస్తున్నారా అన్నది కూడా చూసుకోండి. ఇవన్నీ అడిగితే మొహం మాడ్చుకునే బడి అయితే సగం జవాబు దొరికినట్టే.

సీసీ కెమెరాలు ఉన్నాయి, ఫోన్‌లో చూసుకోవచ్చన్నారు.

ఉంటే మంచిదే. మాటలు వినపడవు, బాత్రూమ్ దగ్గర కెమెరా ఉండదు. "ఎప్పుడైనా రావచ్చా?" అని అడిగితే వచ్చే జవాబు కెమెరా కంటే ఎక్కువ చెప్తుంది.

పొద్దున 9 నుంచి సాయంత్రం 3:30 దాకా అంటున్నారు. మూడేళ్ల పాపకు ఎక్కువ కాదా?

ఎక్కువే. ఈ వయసుకు మూడు, నాలుగు గంటలు చాలు. మూడు, నాలుగేళ్ల పిల్లలకు పగలూ రాత్రీ కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. మధ్యాహ్నం బెంచీ మీద తల పెట్టి పడుకునే పిల్లల మెడలు చూస్తే జాలేస్తుంది. లంచ్ ముందే తీసుకెళ్తామంటే చాలా బడులు ఒప్పుకుంటాయి.

ఇంట్లో తెలుగే. ఇంగ్లీష్ ఇప్పటినుంచే మొదలుపెట్టకపోతే కష్టమా?

చిన్నప్పుడు ఇంట్లో భాష గట్టిపడితే దాని మీద రెండో భాష తేలిగ్గా నిలుస్తుంది. జాతీయ విద్యా విధానం కూడా కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పమంటోంది. ఇంగ్లీష్ పాటలు, మాటలు నేర్పితే తప్పులేదు. తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే బడి మాత్రం వద్దు. మూడేళ్ల పిల్లకు "సుస్సు వస్తోంది" అని చెప్పుకునే భాష ఉండాలి. లంబాడా తండాల నుంచి, ఉర్దూ మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చే పిల్లలకు తెలుగే రెండో భాష. వాళ్ల మాట నాలుగు ముక్కలైనా వచ్చిన ఆయా ఉందా అని అడగండి.

ఫీజు విషయంలో మోసపోకుండా ఏం చూసుకోవాలి?

అడ్మిషన్, టర్మ్, పుస్తకాలు, యూనిఫాం, ఫంక్షన్లు, వ్యాన్ అన్నీ కలిపి ఏడాదికి మొత్తం ఎంతో కాగితం మీద రాయించుకోండి. మధ్యలో మానితే ఎంత వెనక్కి ఇస్తారో కూడా. మా పెద్దోడికి తగ్గింపు ఇస్తామంటే ఏడాది ఫీజు ఒకేసారి కట్టాను. రెండు నెలలకు మాన్పించాల్సి వచ్చింది, పైసా రాలేదు. మొదటి ఏడాది టర్మ్ లెక్కనే కట్టండి.

ఆటోలో పంపొచ్చా?

మూడేళ్ల పిల్లలనైతే వద్దు. డ్రైవర్ పక్కన ఒకరు, వెనక పదిమంది, బయటికి వేలాడే బ్యాగులు. కాజీపేట, హన్మకొండ రోడ్డు మీద పొద్దున పూట మనం చూసేదే కదా. నడిచి వెళ్లే దూరంలో ఉన్న మామూలు బడి, ఆరు కిలోమీటర్ల అవతలి పేరున్న బడి కంటే మంచిది.

## చేర్చే ముందు

ఇంకా డైపర్ మానలేదు. తీసుకుంటారా?

కొన్ని బడులు తీసుకోవు. మూడేళ్లకు ఇంకా పూర్తిగా అలవాటు కాని పిల్లలు చాలామందే ఉంటారు, కంగారు పడకండి. ఏప్రిల్, మే ఎండల్లో ఇంట్లో డైపర్ లేకుండా తిప్పితే త్వరగా అలవాటవుతుంది. సుస్సు వస్తే ఏ మాట చెప్తుందో టీచర్‌కి ముందే చెప్పి పెట్టండి. బడిలో కొత్త బాత్రూమ్‌కి భయపడి బిగపట్టుకునే పిల్లలు ఉంటారు. నీళ్లు తాగడం తగ్గించినా, విరేచనం గట్టిపడినా అనుమానించండి.

టీకాలు ఏమైనా మిగిలిపోయాయేమో ఎలా తెలుస్తుంది?

తల్లీబిడ్డల కార్డు తీయండి. 16 నుంచి 24 నెలల మధ్య వేసే డీపీటీ బూస్టర్, ఎంఆర్ రెండో డోసు చాలామంది మర్చిపోతారు. తర్వాతి డీపీటీ బూస్టర్ అయిదు, ఆరేళ్ల మధ్య. తప్పినవి ఉంటే సర్కారు దవాఖానలో అడగండి, చేర్చేలోపు పూర్తిచేయండి.

## మొదటి నెల

గేటు దగ్గర నా కాళ్లు పట్టుకుని ఏడుస్తున్నాడు. వాడు ఆటలో ఉండగా చెప్పకుండా వచ్చేయనా?

ఆ పని చేయకండి. ఒకసారి మాయమైతే మర్నాటి నుంచి మిమ్మల్ని కళ్లతో కాపలా కాస్తాడు, ఇంట్లో బాత్రూమ్‌కి వెళ్లినా తలుపు కొడతాడు. "అన్నం టైముకి వస్తా" అని ఒక్క మాట చెప్పి, ముద్దు పెట్టి, వెనక్కి చూడకుండా రండి. చెప్పిన టైముకి వెళ్లండి. మొదటి వారం గంట, తర్వాతి వారం రెండు గంటలు అలా పెంచండి. మీ చున్నీయో, ఇంట్లో ఆడుకునే చిన్న బొమ్మో బ్యాగులో పెట్టొచ్చు. గేటు దగ్గర మీరూ ఏడిస్తే ఆ చోటు ప్రమాదమని వాడికి అర్థమవుతుంది. ఏడుపు ఆగకపోతే తండ్రినో, తాతనో దింపమనండి.

ఎన్నాళ్లు చూడాలి? మాన్పిస్తే మొండికేయడం అలవాటవుతుందేమో?

మూడు, నాలుగు వారాలు చూడండి. మీరు వెళ్లాక పది నిమిషాలకు ఆగి ఆటలో పడుతున్నాడంటే గేటు దగ్గర ఎంత ఏడ్చినా ఫరవాలేదు. నెల తర్వాత కూడా అక్కడ ఏమీ తినకుండా, పూటంతా ఏడుస్తూ, రాత్రి ఉలిక్కిపడి లేస్తుంటే మాన్పించండి. ఆర్నెల్లు ఆగి మళ్లీ చూడొచ్చు. మొండితనం పెరిగిపోతుందన్నది బడులు చెప్పే మాట. అలా మాన్పించి మరుసటి సంవత్సరం వేస్తే నవ్వుతూ వెళ్లిన పిల్లలు నా క్లాసులోనే ఉన్నారు.

ఒకే మనిషిని చూసి భయపడుతున్నా, ఒంటి మీద గుర్తులున్నా, స్నానం చేయించేటప్పుడు ముట్టుకోనివ్వకపోయినా ఆ రోజే బడికి పంపడం ఆపేసి, డాక్టర్‌కి చూపించి, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.

బడికి వెళ్లిన దగ్గర్నుంచి నెలకోసారి జలుబు, జ్వరం.

మొదటి ఏడాది అంతే. ఈ వయసు పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే. మందు వేయకుండా జ్వరం తగ్గి 24 గంటలు గడిచాకే పంపండి. చేతులు, కాళ్లు, నోట్లో పొక్కులొచ్చే జబ్బు వస్తే వారం, పది రోజులు ఇంట్లోనే ఉంచండి. ఫీజు కట్టాం కదా అని జ్వరం సిరప్ తాగించి పంపేవాళ్ల వల్లే క్లాసంతా పడకేస్తుంది.

## ఏడాది నడుస్తుండగా

పక్కింటి బాబు అప్పుడే ఏబీసీడీలు రాస్తున్నాడు. మావాడు గీతలే గీస్తున్నాడు.

మూడేళ్లకు గీతలే గీయాలి. వేళ్లలో పట్టు రాకముందు పెన్సిల్ ఇస్తే పిడికిలితో పట్టుకుంటారు, ఆ అలవాటు మాన్పించడానికి ఒకటో తరగతి టీచర్ తంటాలు పడాలి. పల్లీలు వలిపించండి, చపాతీ పిండి పిసికించండి, వినాయక చవితికి మట్టి ఇవ్వండి. చుక్కలు కలిపే వర్క్‌బుక్ కంటే ఇవే ఎక్కువ పనిచేస్తాయి.

మూడేళ్ల పాపకు హోంవర్క్ ఇస్తున్నారు. చేయించకపోతే డైరీలో రాస్తున్నారు.

చేయించకండి. "ఇంట్లో కథలు చెప్తున్నాం, రాయించడం లేదు" అని అదే డైరీలో మీరూ రాయండి. టీచర్ మనసులో మీతో ఏకీభవిస్తుంది, పై నుంచి వచ్చిన ఒత్తిడి ఆమెది. మిగతా తల్లిదండ్రులు నలుగురు తోడైతే మేనేజ్‌మెంట్ దిగొస్తుంది.

దసరా సెలవుల తర్వాత మళ్లీ మొదటి రోజులా ఏడుస్తోంది. ఏం చేయాలి?

చాలామంది అంతే. అమ్మమ్మ ఊళ్లో రెండు వారాలు పిల్లలందరితో పడి దొర్లాక బడి గది ఎవరికి నచ్చుతుంది? సెలవులు అయిపోవడానికి రెండు రోజుల ముందే ఇంటికి వచ్చి, పడుకునే టైము పాత దారిలో పెట్టండి. మొదటి రోజు సగం పూటకే తీసుకొచ్చేయండి. బతుకమ్మకు తంగేడు, గునుగు పూలు రంగుల వారీగా వేరు చేసి, వరసలు పేర్చి ఉంటుంది కదా, ఆ ఫొటో ఒకటి ప్రింట్ తీసి చేతికివ్వండి. టీచర్‌కి చూపించడానికి ఏదో ఒకటి ఉంటే గేటు దాటడం తేలికవుతుంది.